పాంటియాక్ దాకా ఉడ్‌వర్డ్ దారిలో

ప్రతి వేసవిలోనూ మన ఇళ్ళకు ఇండియా నుంచి చుట్టాలు వస్తారు. "ఈ డెట్రాయిట్‌లో చూడడానికి ఏముందర్రా?" అని అడుగుతారు. మనం నయాగరా పేరు చెబుతాము. తీరా చూస్తే వాళ్ళకు కెనడా వీసా ఉండదు. ఒహాయో చుట్టి రోజంతా కారు నడిపి, ఇవతలి ఒడ్డు నుంచి జలపాతం చూపించి, నడుము పట్టేసి తిరిగి వస్తాము. మిగతా రోజుల్లో డియర్‌బర్న్‌లోని ఫోర్డ్ మ్యూజియం, గుడి, షాపింగు. అంతటితో మిషిగన్ యాత్ర సమాప్తం.

నేను ఈ నెల ఒక చిన్న ప్రయాణం సిఫారసు చేస్తున్నాను. ఖర్చు అర ట్యాంకు పెట్రోలు కూడా కాదు. డెట్రాయిట్ నది ఒడ్డు నుంచి పాంటియాక్ ఊరి దాకా ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద 27 మైళ్ళు. ఇంటర్‌స్టేట్ ఎక్కవద్దు. ఎర్ర దీపాల దగ్గర ఆగుతూ, అటూ ఇటూ చూస్తూ వెళ్ళాలి. ఈ దారి చివర ఉన్న ఊరి పేరు మీద ఒక కారు ఉండేది. ఆ కారులో జి.టి.ఓ. అని ఒక మోడలు ఉండేది. అది పుట్టిన తీరు, ఆగిన తీరు, ఆగిన తరువాత ఊరికి మిగిలినది, ఇవన్నీ ఈ రోడ్డు మీదే కనిపిస్తాయి. కార్ల కంపెనీల ఉప్పు తిన్న కుటుంబాలం గనుక మనం ఒకసారి చూడవలసిన దారి ఇది.

నది దగ్గర బయలుదేరిన కొద్దిసేపటికే కుడిచేతి వైపు డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ వస్తుంది. మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932, 1933 సంవత్సరాలలో అక్కడి గోడల నిండా కార్ల ఫ్యాక్టరీని చిత్రించాడు. పిల్లలకు తప్పక చూపించండి. అందులో కార్లకంటె మనుషులే ఎక్కువ కనిపిస్తారు. మరికొంత ముందుకు పోతే హైలండ్ పార్క్. కదిలే బెల్టు మీద కారు తయారుచేయడం ఫోర్డ్ కంపెనీ 1913లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ ఈ రోడ్డు పక్కనే ఉంది. 1914లో రోజుకు ఐదు డాలర్ల కూలి ప్రకటించినదీ ఇక్కడే. ఆ వెనువెంటనే సిక్స్ మైల్, సెవెన్ మైల్ రోడ్ల నడుమ ఉన్న మైలు ముక్కకు 1909లో కాంక్రీటు పోశారు. ఈ దేశంలో కాంక్రీటు వేసిన మొదటి మైలు ఇదేనంటారు. రోడ్డూ, కారూ ఒకదానికోసం ఒకటి పుట్టినట్లు ఉంటాయి.

ఎయిట్ మైల్ దాటితే డెట్రాయిట్ నగరం అయిపోయి ఫెర్న్‌డేల్, రాయల్ ఓక్ వస్తాయి. ఇక్కడి నుంచి రోడ్డు వెడల్పు, మధ్యలో పచ్చగడ్డి, మలుపులు తక్కువ. 1960 దశకంలో శుక్ర, శనివారాల రాత్రుళ్ళు కుర్రకారు ఈ రోడ్డును రేసు మైదానం చేసేవారు. కారులోనే కూర్చుని తినే డ్రైవ్-ఇన్ హోటళ్ళ దగ్గర చేరడం, ఎర్ర దీపం దగ్గర పక్కకారు వాడి వంక చూడడం, ఆకుపచ్చ పడగానే దూసుకుపోవడం. ఉత్తరాన స్క్వేర్ లేక్ రోడ్డు దగ్గర టెడ్స్ అనే డ్రైవ్-ఇన్ దాకా పోయి మళ్ళీ వెనక్కు. ఈ గుంపులో పగలంతా కంపెనీల్లో ఇంజన్లు గీసి, రాత్రిపూట వాటిని పరీక్షించడానికి తెచ్చే ఇంజనీర్లు కూడా ఉండేవారట. మన చుట్టుపక్కల ఉండే పాతకాలపు అమెరికన్లను కదిపి చూడండి, గంటసేపు చెబుతారు.

జి.టి.ఓ. ఈ రోడ్డు కోసమే పుట్టిందనవచ్చు. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ పెద్దలు తమ విభాగాలేవీ కార్ల రేసుల్లో పాల్గొనకూడదని ఆజ్ఞాపించారు. పాంటియాక్ విభాగం అప్పటికి రేసుల వల్లనే పేరు తెచ్చుకుని ఉంది. రేసు లేకపోతే కుర్రవాళ్ళు తమ కారు వంక ఎందుకు చూస్తారు? చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్. ఆయన కింద బిల్ కాలిన్స్ అనే ఇంజనీరు ఒక సంగతి గమనించాడు. టెంపెస్ట్ అనే మధ్యరకం కారులో పెట్టే 326 ఘనపు అంగుళాల ఇంజనూ, పెద్దకార్లలో పెట్టే 389 ఘనపు అంగుళాల ఇంజనూ బయటి కొలతల్లో ఒకటే. ఒకటి తీసి రెండవది పెడితే సరిగ్గా కూర్చుంటుంది. చిన్న కారు, పెద్ద గుండె.

అయితే కంపెనీలో ఇంకొక నిబంధన ఉంది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదు. ఆ నిబంధన మోడళ్ళకు వర్తిస్తుందే గాని, కొనేవాడు అదనంగా డబ్బు ఇచ్చి కోరుకునే సరంజామాకు వర్తిస్తుందని ఎక్కడా రాసి లేదు. అంతే! జి.టి.ఓ. అనేది కారు కాదు, టెంపెస్ట్ లెమాన్స్ కారు మీద దాదాపు 300 డాలర్ల అదనపు సరంజామా అన్నారు. మన తాలూకాఫీసు గుమాస్తాలు కూడా మెచ్చుకోవలసిన ఉపాయం. పేరు మటుకు ఇటలీలోని ఫెరారీ కారు నుంచి తెచ్చుకున్నారు. రేసులకు అర్హత పొందిన కారు అని ఆ మూడక్షరాల తాత్పర్యం. రేసులు మానుకున్న కంపెనీ వారి కారుకు ఆ పేరు!

ముందు 5,000 అమ్ముడుపోతే చాలుననుకున్నారు. 1964 మోడలు 32,450 అమ్ముడుపోయింది. ప్రచారం చూసిన జిమ్ వాంగర్స్ కూడా గడుసువాడే. 1964 మార్చిలో ఒక కార్ల పత్రిక ముఖచిత్రం మీద ఈ కారునూ ఫెరారీ జి.టి.ఓ.నూ పక్కపక్కన బొమ్మ వేసి, పాంటియాక్‌ను మెచ్చుకుంటూ రాసింది. పరీక్షకు పంపిన పాంటియాక్‌లో ఉన్నది 389 కాదు, ఇంకా పెద్దదైన 421 ఇంజను అని ఎన్నో ఏళ్ళ తరువాత వాంగర్సే తన పుస్తకంలో బయటపెట్టాడు. రాయల్ ఓక్ మెయిన్ స్ట్రీట్ మీద రాయల్ పాంటియాక్ అని ఒక డీలరు ఉండేవాడు. అక్కడి మెకానిక్కులు కొత్త జి.టి.ఓ.లకు ఇంకా వేగం నేర్పి పంపేవారు. అక్కడ బిగించిన బోల్టు బిగువు కొద్ది నిమిషాల్లో ఉడ్‌వర్డ్ మీద తేలిపోయేది.

ఇక ఆగిపోవడం సంగతి. ఎవరినైనా అడగండి, "1973లో అరబ్బులు పెట్రోలు ఆపారు, పెద్ద ఇంజను కార్లన్నీ చచ్చిపోయాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వినడానికి బాగుంది. కాని లెక్కలు వేరే చెబుతున్నాయి. 1966లో జి.టి.ఓ. 96,946 అమ్ముడుపోయింది. అది శిఖరం. 1969లో 72,287. 1970లో 40,149. 1971లో 10,532. 1972లో 5,811. 1973 మోడలు 4,806. ఇవన్నీ మోడలు సంవత్సరాల లెక్కలు. చమురు నిషేధం వచ్చింది 1973 అక్టోబరులో. అప్పటికి 1973 మోడలు అమ్మకాలు ముగిసి, 1974 కార్లు షాపుల్లోకి వచ్చేశాయి. అంటే పెట్రోలు ఆగకముందే జి.టి.ఓ. ఊపిరి ఆగే స్థితిలో ఉంది. చివరి సంవత్సరం, 1974లో, చమురు కరువు నడుమ, అమ్మకాలు కాస్త పెరిగి 7,058 అయినాయి.

మరి చంపినదెవరు? మొదటి ముద్దాయి ఇన్సూరెన్సు. 1970 వచ్చేసరికి ఇన్సూరెన్సు కంపెనీలు కారు బరువుకు ఇంజను శక్తి ఎంత అని లెక్కలు కట్టి, దుడుకు కార్లకు అదనపు ప్రీమియం వేయసాగాయి. కొనేవాళ్ళు పాతికేళ్ళ లోపు కుర్రవాళ్ళు. కారు వాయిదా కట్టగలిగినవాడు ఇన్సూరెన్సు కట్టలేకపోయేవాడు. రెండవది గాలి. 1970లో వచ్చిన క్లీన్ ఎయిర్ చట్టం కార్ల పొగకు కళ్ళెం వేసింది. సీసం తక్కువగా ఉండే పెట్రోలుతో నడవడానికి వీలుగా 1971 మోడళ్ళ నుంచి జనరల్ మోటార్స్ తన ఇంజన్లన్నిటిలో కంప్రెషన్ తగ్గించింది. దాంతో శక్తి తగ్గింది. మరుసటి ఏడాది నుంచి హార్స్‌పవర్ కొలిచే పద్ధతి కూడా మారి, కాగితం మీది అంకెలు ఇంకా చిక్కిపోయాయి. మూడవది దాయాదుల పోటీ. జి.టి.ఓ. చూసి ప్రతి కంపెనీ అలాంటి కారు తయారుచేసింది. పాంటియాక్ వారి సొంత ఇంట్లోనే ఫైర్‌బర్డ్ ట్రాన్స్-యామ్ పెరిగి పెద్దదయింది.

1974లో జి.టి.ఓ. అనేది వెంచురా అనే చిన్నకారు మీద అదనపు సరంజామాగా మిగిలింది. 350 ఘనపు అంగుళాల ఇంజను, 200 హార్స్‌పవర్. అదనపు సరంజామాగా పుట్టినది అదనపు సరంజామాగానే పోయింది. నిబంధనలోని సందులోంచి దూరి వచ్చిన కారు అది. తరువాత వచ్చిన నిబంధనలలో సందులు లేవు. పైగా అవి అక్కరలేనివని నేననను. సీసం పొగ పీల్చకుండా పెరిగిన పిల్లలు మన పిల్లలే.

ఆ 1974లోనే నేను ఈ ఊరు వచ్చాను. 1965 అక్టోబరులో ఇమిగ్రేషన్ చట్టం మారకపోతే మనలో చాలామందికి ఈ దేశం తలుపు తెరుచుకునేది కాదు. జి.టి.ఓ. వెలిగిన రోజుల్లోనే మన ముందుతరం ఇంజనీర్లు, డాక్టర్లు ఒక్కొక్కరే దిగారు. రాయల్ ఓక్‌లో మా అపార్ట్‌మెంటు కింది వాటాలో ఒక అమెరికన్ కుర్రవాడు ఎర్రరంగు 1966 జి.టి.ఓ.ను ఆదివారాలు తుడుస్తుండేవాడు. కొడుకు పుట్టగానే అమ్మేశాడు. "పెట్రోలు ఖర్చు కాదు, ఇన్సూరెన్సు బిల్లు" అన్నాడు నాతో. నేను కొన్న మొదటి కారు ఒక పాత వెంచురా. అటువంటి కారుకే జి.టి.ఓ. బిళ్ళ అంటించి అమ్మారని తెలిసిన మిత్రులు నన్ను కొన్నాళ్ళు "రేసు మాస్టారూ" అని పిలిచారు. దానికి కొండ ఎక్కే ఓపిక కూడా ఉండేది కాదు.

మళ్ళీ దారిలోకి వద్దాం. బర్మింగ్‌హామ్, బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్ దాటాక పాంటియాక్ వస్తుంది. ఇళ్ళ ధరలు రెండు మైళ్ళలో ఎలా మారతాయో అద్దంలోంచే తెలుస్తుంది. 1763లో డెట్రాయిట్ కోటలోని బ్రిటిష్ వారిని ముట్టడించిన ఒడావా జాతి నాయకుడు పాంటియాక్. 1818లో వెలిసిన ఈ ఊరికి ఆయన పేరు పెట్టారు. 1907లో ఇక్కడ ఓక్‌లాండ్ అనే కార్ల కంపెనీ మొదలయింది. దానికి తోడుగా 1926లో పాంటియాక్ అనే చవక కారును తెచ్చారు. తోడు వచ్చినది ఇంటిని స్వాధీనం చేసుకుంది. 1931లో ఓక్‌లాండ్ ఆగి, పాంటియాక్ నిలిచింది. మనిషి పేరు ఊరికి, ఊరి పేరు కారుకు. తరువాత కారు పేరు ఊరికి తిరిగి వచ్చింది. ఊరి నడిబొడ్డు చుట్టూ తిరిగే రోడ్డుకు కంపెనీ ప్రకటనల్లోని మాట తీసుకుని వైడ్ ట్రాక్ డ్రైవ్ అని పేరు పెట్టారు. చాలా ఏళ్ళ తరువాత ఆ పేరు తీసి ఉడ్‌వర్డ్ అనే మార్చారు.

జి.టి.ఓ. పేరు మాత్రం ఊరకే ఉండలేదు. 2004లో మళ్ళీ లేచింది. అయితే తయారయినది ఇక్కడ కాదు, ఆస్ట్రేలియాలో ఆడిలెయిడ్ దగ్గర ఎలిజబెత్ అనే ఊళ్ళో. హోల్డెన్ మొనారో అనే కారుకు మార్పులు చేసి ఓడలో తెచ్చారు. మంచి కారు. చివరి రెండేళ్ళు 400 హార్స్‌పవర్. పాత జి.టి.ఓ. కంటె వేగం, పాత జి.టి.ఓ. కంటె భద్రం. కాని చూడడానికి పెద్దమనిషి తరహాగా ఉందని పాత అభిమానులు పెదవి విరిచారు. మూడేళ్ళలో 40,808 కార్లు అమ్మి 2006లో ఆపేశారు. 1966లో ఒక్క ఏడాదిలో అమ్మిన దానిలో సగం కూడా కాదు. ఆ ఎలిజబెత్ ఫ్యాక్టరీ కూడా 2017 అక్టోబరులో మూతపడింది. అక్కడా ఒక ఊరు ఉంది, అక్కడా ఇలాంటి వీధులు ఉండే ఉంటాయి.

2009 ఏప్రిల్ 27న జనరల్ మోటార్స్ పాంటియాక్ అనే పేరునే ఆపేస్తున్నామని ప్రకటించింది. జూన్ 1న కంపెనీ దివాలా కోర్టుకు వెళ్ళింది. అమెరికాలో చివరి పాంటియాక్ కారు 2010 జనవరిలో, ఈ ఊరికి ఉత్తరాన పక్కనే ఉన్న ఓరియన్‌లో తయారయింది. అది జి.టి.ఓ. కాదు, ట్రాన్స్-యామ్ కాదు, అద్దెకార్ల వాళ్ళు కొనే రకం జి-6.

ఆ ఏడాది ఒక్క కంపెనీ అని కాదు, ఈ ప్రాంతపు పరిశ్రమ అంతా తలకిందులయింది. నేను అప్పుడు ఒక చిన్న విడిభాగాల కంపెనీలో ఉన్నాను. మా విభాగం చేతిలో ఉన్న ఒక కారు పని ఆగింది. డ్రాయింగు మీద ముద్ర వేయడానికి అర నిమిషం పట్టింది. మా దగ్గర ఇద్దరు తెలుగు కుర్రవాళ్ళు హెచ్-1 వీసా మీద పనిచేస్తున్నారు. ఉద్యోగం పోయిన వాళ్ళకు 60 రోజుల గడువు ఇచ్చే నిబంధన 2017లో గాని రాలేదు. ఒకడు రెండు వారాల్లో టెక్సాస్‌లో పని వెతుక్కుని, ఇంట్లో పొయ్యి మీది గిన్నెలతో సహా ట్రక్కుకెక్కించాడు. రెండవవాడు భార్యనూ, రెండవ తరగతి చదివే పాపనూ తీసుకుని విజయవాడ వెళ్ళిపోయాడు. ఆ పాప తన సైకిలు మా గరాజులో పెట్టి, "మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాను తాతయ్యా" అంది. ఒక మోడలు ఆపడమంటే ఒక కారు ఆపడమే అని పత్రికల్లో చదివేవాళ్ళకు అనిపిస్తుంది. దాని వెనక ఎన్ని సైకిళ్ళు ఉంటాయో ఆ వార్తలో రాయరు.

పాంటియాక్ ఊరు ఇంకా పెద్ద దెబ్బలే తిన్నది. 1970లో 85,279 జనాభా. 2010 నాటికి 59,515. ఊరి ఖజానా ఖాళీ కాగా, 2009 నుంచి 2013 దాకా రాష్ట్రం నియమించిన అధికారులే పాలన చేశారు. 1975లో ఐదున్నర కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చుతో కట్టిన సిల్వర్‌డోమ్ స్టేడియం ఇక్కడే ఉండేది. 1994 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఆటలు అందులో జరిగాయి. 2009లో దాన్ని వేలం వేస్తే ఆరు లక్షల డాలర్లు కూడా రాలేదు. బర్మింగ్‌హామ్‌లో ఒక మోస్తరు ఇల్లు రాదేమో ఆ డబ్బుకు! తరువాత కూల్చివేశారు. ఇప్పుడా స్థలంలో అమెజాన్ గిడ్డంగి ఉంది.

ఊరి దక్షిణపు అంచున, ఉడ్‌వర్డ్ మీదే, ఎడమచేతి వైపు ఎమ్-1 కాంకోర్స్ అని బోర్డు కనిపిస్తుంది. జనరల్ మోటార్స్ వారి లారీల ఫ్యాక్టరీ ఒకప్పుడు అక్కడ ఉండేది. ఆ 87 ఎకరాల్లో ఇప్పుడు ఒకటిన్నర మైళ్ళ రేసు ట్రాకు, దాని చుట్టూ ఇళ్ళలాగా అమ్మే ప్రైవేటు గరాజులు. ఖరీదైన పాత కార్లున్న వాళ్ళు అక్కడ దాచుకుని, సెలవు రోజున ట్రాకు మీద తిప్పుతారు. బండ్లు తయారుచేసిన చోట ఇప్పుడు బండ్లను పోషిస్తున్నారు. మొదట చూసినప్పుడు నాకు కష్టంగా అనిపించింది. తరువాత ఆలోచిస్తే, గడ్డి మొలిచిన కాంక్రీటు కంటె నయమే. ఊరికి పన్ను వస్తుంది, కొందరికి పని దొరుకుతుంది. కాని వేలమంది షిఫ్టు దిగి వచ్చే గేటుకూ, కొన్ని వందలమంది తాళంచెవులతో వచ్చే గేటుకూ తేడా ఉంది. ఆ తేడా పిల్లలకు చెప్పాలి.

ఊళ్ళో పాత ఎలిమెంటరీ స్కూలు భవనంలో పాంటియాక్ ట్రాన్స్‌పోర్టేషన్ మ్యూజియం పెట్టారు. చిన్నదే, కాని ఊరివాళ్ళు ఊరి కోసం పెట్టుకున్నది. ఇంకొక వింత ఏమిటంటే, పాంటియాక్-ఓక్‌లాండ్ కార్ల మ్యూజియం మాత్రం ఇల్లినాయిలో, పాంటియాక్ అనే ఇంకొక ఊళ్ళో ఉంది. కార్లు తయారయిన ఊరు ఒకటి, జ్ఞాపకం ఉంచిన ఊరు ఇంకొకటి. పేరు ఎక్కడికైనా ప్రయాణం చేస్తుంది. ఆస్ట్రేలియా పోయి వచ్చింది, ఇల్లినాయి పోయింది. పని మటుకు అలా ప్రయాణం చేయదు. అది పోతే, చేసిన చేతులు ఉన్నచోటే ఉండిపోతాయి. మోడలును ఆపవచ్చు, ఊరిని ఆపలేరు. 2020 లెక్కల్లో పాంటియాక్ జనాభా 61,606కు పెరిగింది. పెరిగినది కొద్దే. అయినా దశాబ్దాల తరువాత కిందికి కాక పైకి పోయిన అంకె అది.

వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. ఆగస్టు మూడవ శనివారం ఉడ్‌వర్డ్ డ్రీమ్ క్రూయిజ్ జరుగుతుంది. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి చందాల కోసం మొదలుపెట్టినది ఇప్పుడు పెద్ద తిరునాళ్ళ అయింది. ఆ రోజు కారు కదలదు. మడత కుర్చీలు పట్టుకుని పొద్దున్నే వెళ్ళి రాయల్ ఓక్ దగ్గర గట్టు మీద కూర్చోండి. పాత జి.టి.ఓ. ఒకటి తప్పక వస్తుంది. ముసలాయన నడుపుతుంటాడు, మనవడు పక్కన కూర్చుని ఉంటాడు. మామూలు రోజుల్లో అయితే ఉదయం పది గంటలకు నది దగ్గర బయలుదేరితే మ్యూజియం చూసుకుని మధ్యాహ్నానికి పాంటియాక్ చేరవచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుంటే హోటలు వెతుక్కునే పని లేదు. తిరుగు ప్రయాణంలో ట్రాయ్‌లోని భారతీయ టెంపుల్ దగ్గరే. మ్యూజియం తెరిచి ఉండే రోజులు ముందుగా ఫోను చేసి కనుక్కోండి. చుట్టాలకు ఇంజన్ల మీద ఆసక్తి లేకపోయినా ఫరవాలేదు. మన జీతాలు ఏ రోడ్డు మీది నుంచి వచ్చాయో వాళ్ళూ ఒకసారి చూస్తారు.